కుడి చెయ్యి

భయం నాకు పుట్టుకతో వచ్చింది. ఇలే బోలెంగ్ అగ్నికొండ రోజూకంటే కాస్త నల్లటి పొగ వదిలిందంటే ఆ పూట బట్టలన్నీ మూటగట్టి గుమ్మంలో పెడతాను. మా ఆయన లాదో కొబ్బరిచెట్టెక్కి కల్లు గీస్తుంటే, దిగేదాకా కింద నిలబడి జపమాల తిప్పుతుంటాను. "నువ్వలా నోరు తెరుచుకుని చూస్తుంటేనే నాకు కాళ్లు వణుకుతున్నాయే, ఇంటికి పో" అంటాడు పైనుంచి. పోను. నేను చూపు తిప్పితే ఆయన పడిపోతాడని నా నమ్మకం.

అలాంటి నా కడుపున వెరెనా ఎలా పుట్టిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆ ఏడు జీడిపిక్కలు రాలే కాలంలో బిషప్ గారు మా లెవోకోలి గుడికి వస్తున్నారని కబురొచ్చింది. ఆయన పడవలో సముద్రం దాటి మా వైపు రావడమే అరుదు. వచ్చినప్పుడు ఈడొచ్చిన పిల్లలందరికీ ఒకేసారి భద్రమైన అభ్యంగనం ఇచ్చి వెళ్తారు. జ్ఞానస్నానం నాడు చంకలో బిడ్డ తరఫున మనం చెప్పిన మాటని, పెద్దయ్యాక ఆ బిడ్డ తన నోటితో తనే చెప్పుకుని, నుదుట తైలం పూయించుకుని, పవిత్రాత్మ బలం పొందే రోజు అది. ఊరంతా సంబరపడింది, ఒక్క పందులు తప్ప.

మేమిద్దరం తోటలో రాలిన పళ్ల నుంచి పిక్కలు తుంచుతున్నాం. వెరెనా తలెత్తకుండానే అంది.

"అమ్మా, జ్ఞానతల్లిగా లోదాన్ అవ్వని అడిగాను."

నా చేతిలో పండు అలాగే ఉండిపోయింది. రసం మోచేతి దాకా కారింది.

"ఏ లోదాన్?"

"ఊళ్లో ఎంతమంది లోదాన్‌లున్నారమ్మా?"

ఒక్కతే ఉంది. వాగు అవతల ఒంటరిగా ఉండే ముసలావిడ. నాలుగేళ్ల కిందట వానలు మొహం చాటేసి అందరి మొక్కజొన్న ఎండిపోతే, వాగు చెమ్మ తగిలే ఆమె చెలక ఒక్కటే పచ్చగా నిలబడింది. అదే ఏడు మా బావగారు కియా మనవడు జ్వరమొచ్చి పోయాడు. ఊరు ఆ రెంటినీ కలిపి ఒక ముడేసింది. ఆమె సువాంగి అన్నారు, చిల్లంగి పెట్టే మనిషన్నారు. అప్పటినుంచీ ఆమె చేతి తిండి ఎవరూ తినరు. ఎదురొస్తే భుజం పక్కకి తిప్పుకుని నడుస్తారు. సువాంగి చెయ్యి భుజం మీద పడిందంటే సగం ప్రాణం ఆమె లాగేసుకున్నట్టే అని మా వాళ్ల నమ్మకం.

అభ్యంగనం నాడు జ్ఞానతల్లి చేయాల్సిన పని ఒక్కటే. పిల్ల వెనక నిలబడి, కుడి చెయ్యి పిల్ల కుడి భుజం మీద వేయాలి.

"నీకు మతి పోయిందా? ఊళ్లో ఆడవాళ్లే కరువయ్యారా నీకు?"

"ఉపదేశి గారే చెప్పారమ్మా, మీకంటే గట్టి విశ్వాసం ఉన్నవాళ్లని ఎంచుకోండి అని. ఊళ్లో అందరినీ తలుచుకున్నాను. నాలుగేళ్లుగా ఆమె కూర్చున్న బెంచీ మీద ఇంకొకరు కూర్చోలేదు. పూజలో చేతులు కలిపి శాంతి ఇచ్చుకునేటప్పుడు ఒక్కరూ ఆమె వైపు తిరగరు. అయినా ఒక్క ఆదివారం మానలేదు. నిన్నలా వెలేస్తే నువ్వు గుడికొస్తావా?"

"నేనా? నేను గుమ్మం దాటను."

"మరి?"

"మీ నాన్నతో చెప్తానుండు" అన్నాను. అదే నా ఆఖరి ఆయుధం ఎప్పుడూ. మొద్దు కత్తి.

*

ఊళ్లో మాట నిలుస్తుందా? మర్నాడు పొద్దున్నే బావగారు కియా వచ్చాడు, వెంట ఉపదేశి దామియానుస్‌ని పెట్టుకుని. మా వంశానికి పెద్ద ఆయనే. పెళ్లికైనా చావుకైనా ఆయన కూర్చుంటేనే పందిరి. లాదో అప్పుడే చెట్టెక్కాడు.

"తమ్ముడూ, దిగు."

"కల్లు కారుతోందన్నయ్యా. చెప్పు, వినపడుతుంది."

వంశపెద్ద తలెత్తి కొబ్బరిచెట్టుతో మాట్లాడాల్సి వచ్చింది. అక్కడే సగం కోపం పెరిగింది ఆయనకి.

"నీ కూతురి భుజం మీద ఆ చెయ్యి పడిందా, నీ పందిరి కింద మన వాళ్లు ఒక్కడు కూర్చోడు. కోసిన పందిని మీరే తినండి."

"చిన్న పందే పెదనాన్నా, తినేస్తాం" అంది వెరెనా గుమ్మంలోంచి.

పైనుంచి నవ్వు వినపడింది. నేను వెరెనా జబ్బ మీద గిల్లాను.

కియా బావగారు నవ్వలేదు. ఆయన గొంతు మారింది. "నా మనవడి గోరీ నీ కంటికి ఆనడం లేదా అమ్మాయ్?"

వెరెనా కూడా మెత్తబడింది. "ఆనుతోంది పెదనాన్నా. ప్రతి ఆదివారం అవ్వ అక్కడ కొవ్వొత్తి పెట్టడం కూడా ఆనుతోంది."

"అదే నేను చెప్పేది! చేసినవాళ్లు కాకపోతే ఎందుకు పెడతారు?"

పెట్టకపోతే గుండె లేనిది, పెడితే చేసింది. ఆ ముసలామె ఏం చేస్తే ఊరు ఊరుకుంటుందో నాకప్పుడు అర్థం కాలేదు. అయినా నోరు విప్పలేదు. బావగారి ముందు నేనెప్పుడూ విప్పలేదు.

ఉపదేశి గొంతు సవరించుకున్నాడు. "నియమం చూస్తే కాదనడానికి లేదమ్మా. ఆమెకి అభ్యంగనం అయింది, పూజకొస్తుంది, సత్ప్రసాదం తీసుకుంటుంది. కానీ బిషప్ గారి ముందు మన ఊరి పరువు..."

"పవిత్రాత్మ ఇచ్చే ఏడు వరాలు మాకు కంఠతా పట్టించింది మీరే కదండీ" అంది వెరెనా. "జ్ఞానం, వివేకం, సదుపదేశం, ధైర్యం, తెలివి, భక్తి, దైవభయం. నాలుగోది పరీక్షలో చెప్పడానికేనా?"

ఏడింటిలో ఆఖరిది ఒక్కటే నాకు దక్కినట్టుంది, అది కూడా దేవుడి మీద కాదు, అందరి మీదా.

*

ఎవరూ చూడకుండా చెలకల వెనకనుంచి, మధ్యాహ్నం ఎండలో లోదాన్ ఇంటికి వెళ్లాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని మొక్కజొన్న అటుకులు కొడుతోంది. మట్టిమూకుట్లో పేలబోయే గింజల్ని వేళ్లతోనే తీసి, రాతి మీద పెట్టి, చేతిరాయితో ఒక్క దెబ్బ. గింజ నాణెంలా పలచగా పరుచుకుంటోంది. ఆ పని నేనూ చేస్తాను. వేళ్లు బొబ్బలెక్కి మొద్దుబారిపోతాయి. ఆమె వేళ్లూ అలాగే ఉన్నాయి. ఇంకోలా ఉంటాయని ఎందుకనుకున్నానో!

"ఎవరు, పెనీ నువ్వా? భయపడకు. అక్కడే నిలబడి మాట్లాడు, నా చెవులు బాగానే పనిచేస్తాయి."

"పెద్దమ్మా... నా కూతురికి కాదని చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా." పట్టుకుంటానన్నాను గానీ పది అడుగుల దూరంలోనే ఉన్నాను.

"చెప్పాను. వచ్చిన ప్రతిసారీ చెప్పాను. చివరికి ఏమందో తెలుసా? 'భయమా అవ్వా?' అంది." ఇంకో గింజ కొట్టింది. "నన్ను చూసి భయపడేవాళ్లే ఈ ఊరంతా. నాకు భయమా అని అడిగిన మొగోడు లేడు. ఒళ్లు మండి ఒప్పుకున్నాను."

"ఊరు ఊరుకోదు పెద్దమ్మా."

"ఊరు ఎప్పుడు ఊరుకుంది? నా అభ్యంగనానికి తెల్లబిషప్ వచ్చాడు, గడ్డం ఇంతుంది. నుదుట తైలం పూసి, ఈ చెంప మీద ఒక్కటిచ్చాడు. మెల్లగానే. నేను ఏడవబోతే మా అమ్మ చెప్పింది: 'క్రీస్తు మనిషివయ్యావు, ఇకనుంచి దెబ్బలు పడతాయి, పారిపోకు అని ముందే చెప్తున్నాడే' అని. ఇప్పుడా చెంపదెబ్బ తీసేశారట కదా?"

"తీసేశారు."

"బిషప్‌లు తీసేశారు. ఊరు తీసెయ్యలేదు."

వచ్చేస్తుంటే అరిటాకులో ఇన్ని అటుకులు చుట్టి, రాయి మీద పెట్టి, నేను తీసుకోవడానికి వీలుగా తను వెనక్కి జరిగింది. "తింటావో, కోళ్లకేస్తావో నీ ఇష్టం."

తినలేదు. కోళ్లకీ వేయలేదు, కోళ్లు చస్తే? వంటింటి చూరులో దోపి ఊరుకున్నాను. రోజూ వంట చేస్తూ దాన్నొకసారి, అన్నం తింటున్న వెరెనాని ఒకసారి చూసేదాన్ని.

*

బిషప్ గారు వచ్చే వారం మొదట్లో వెరెనా మధ్యాహ్నానికి ఇల్లు చేరింది, తెల్ల రవిక ముందంతా నెత్తురు.

దాని తల, మెడ, చేతులు అన్నీ తడిమాను.

"నాది కాదమ్మా. అవ్వది. నాది కాదంటుంటే!"

లోదాన్ తన జీడితోటలో వంగి పిక్కలు ఏరుతుంటే రాళ్లు వచ్చాయట. ఒకటి కుడి జబ్బకి తగిలి ఎముక విరిగింది, ఒకటి చెవి పక్కన చీల్చింది. పట్టపగలు. పక్క తోటల్లో పదిమంది ఉన్నారు. ఎవరూ ఏమీ చూడలేదు. మా ఊళ్లో రాళ్లకి రెక్కలుంటాయి గానీ చేతులుండవు. వెరెనానే ఆమెని అద్దె మోటార్‌సైకిల్ మీద ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్లి కట్టు కట్టించింది.

రవిక బకెట్లో నానబెట్టి రుద్దుతూ కూర్చున్నాను. నాలుగేళ్లుగా నేను ఒక ముసలిదాని చెయ్యి చూసి భయపడ్డాను. రాయి విసిరే చేతులు నా పక్క బెంచీలోనే కూర్చుని నాకు శాంతి ఇస్తున్నాయి. వాటిని ఒక్కరోజూ అనుమానించలేదు. నెత్తురు మరక పూర్తిగా పోలేదు.

సాయంత్రం ఉపదేశి వచ్చాడు. మొహం బాధగానే పెట్టుకున్నాడు గానీ నడకలో ఏదో బరువు దిగినట్టుంది.

"అయ్యో పాపం. జరిగింది మంచిది కాదు. కానీ చూడండమ్మా, ఇప్పుడిక ఆమె కుడి చెయ్యి ఎత్తలేదు కదా. నియమం కుడి చెయ్యే. కియా గారి భార్య నిలబడతానన్నారు, పెద్దమనసు ఆవిడది. దేవుడే దారి చూపించాడనుకోండి."

"దేవుడు రాళ్లు విసరడు" అంది వెరెనా. దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అవ్వ కాకపోతే నాకు అభ్యంగనమే వద్దు."

అంత మాట అది మనస్ఫూర్తిగా అందని నాకు తెలుసు. అయినా అభ్యంగనం కోసం ఏడాదిగా ప్రార్థనలు నేర్చిన పిల్ల అది. మళ్లీ బిషప్ ఎప్పటికొస్తారో.

"ఉపదేశి గారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "ఆమె చెయ్యి ఆమె ఎత్తలేకపోతే, ఇంకొకరు ఎత్తి పెట్టొచ్చా?"

"ఎవరు ఎత్తుతారమ్మా? ఆమె చెయ్యి ముట్టుకునేదెవరు?"

"అది కాదు నేనడిగింది. పెట్టొచ్చా, కూడదా?"

గీతకత్తి నూరుకుంటున్న లాదో చెయ్యి ఆగింది. ఉపదేశి నా వైపు, ఆయన వైపు చూశాడు.

"కూడదని... ఎక్కడా లేదనుకుంటా."

"అయితే ఇంత కల్లు తాగి వెళ్లండి. పొద్దుపోతోంది" అన్నాను.

*

గుడి కిక్కిరిసిపోయింది. పిల్లలు రెండు వరసల్లో నిలబడ్డారు, వెనక జ్ఞానతల్లులు, జ్ఞానతండ్రులు. వెరెనాకి ముందున్న పిల్లని వాళ్ల జ్ఞానతల్లి అరడుగు ముందుకి లాక్కుంది. వెనకున్నవాళ్లు అడుగు వెనక్కి వేశారు. నిండిన గుడిలో మా చుట్టూ మాత్రం ఖాళీ.

లోదాన్ పాత కువాటెక్ నేతబట్ట కట్టుకుని వచ్చింది. కుడి చెయ్యి మెడకి వేలాడదీసిన గుడ్డలో ఉంది. ఆమె పక్కన నేను. వెనక ఎవరో ఆడమనిషి "తల్లీ కూతుళ్లకి ఒకేసారి పట్టినట్టుంది" అంది, నాకు వినపడేలాగే.

వరస కదిలింది. బిషప్ గారి ముందుకి రాగానే నేను గుడ్డలోంచి ఆమె చేతిని తీసి, రెండు చేతులతో పట్టుకుని, ఎత్తాను.

బరువే లేదు. ఎండిన కంకిలా ఉంది. ఆమె పళ్ల మధ్యనుంచి చిన్న శబ్దం వచ్చింది, నొప్పికి.

"ఆపనా పెద్దమ్మా?" అన్నాను చెవిలో.

"కానియ్యి. నీ చేతులు వణుకుతున్నాయే."

"నావెప్పుడూ వణుకుతాయి."

చెయ్యి వెరెనా కుడి భుజం మీద పెట్టాను. జారిపోకుండా మోచెయ్యి కింద నా అరచెయ్యి ఉంచాను. వెరెనా వెనక్కి తిరగలేదు. కానీ భుజం కొంచెం కిందికి దించింది, ఆమె చేతికి అందేలాగ.

బిషప్ గారు మా ముగ్గురినీ చూశారు.

"జ్ఞానతల్లి ఎవరు?"

"నేనండి, లోదాన్‌ని."

"మరి నువ్వు?"

"అమ్మాయి తల్లినండి. ఆమె చెయ్యి మోస్తున్నాను."

"చేతికేమైంది?"

"రాయి తగిలిందండి" అంది లోదాన్.

"ఎక్కడి నుంచి?"

"వెనకనుంచి."

బిషప్ గారు మా తలల మీదుగా ఆ బెంచీలన్నిటినీ చివరిదాకా చూశారు. బొటనవేలు తైలంలో ముంచి వెరెనా నుదుట సిలువ గీశారు.

"వెరెనా, పవిత్రాత్మ వరమనే ఈ ముద్రను స్వీకరించు."

"ఆమెన్" అంది నా కూతురు. అంత గట్టిగా ఆ రోజు ఎవరూ అనలేదు.

*

కియా బావగారు మాట తప్పే మనిషి కాదు. మా పందిరి కింద ఒక్కరు కూర్చోలేదు. అద్దెకి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపినవి దోపినట్టే ఉన్నాయి. బల్ల మీద పంది కూర, ఎర్ర చిక్కుళ్లు, లొట్టి నిండా కల్లు. అంతటికీ మేం నలుగురం.

"పంది చిన్నదేనన్నావుగా" అన్నాడు లాదో కూతురితో.

నేను వీధి వైపు చూశాను. గుడినుంచి ఇళ్లకి పోయేవాళ్లు మా ఇంటి ముందుకి రాగానే తల తిప్పుకుని నడుస్తున్నారు. నాకేదో తిక్క పుట్టింది.

"ఏమయ్యా, ఆ కొస పట్టుకో."

"ఎక్కడికే?"

"వీధిలోకి."

బల్లని తీసుకెళ్లి దారి మధ్యలో పెట్టాం. ఇక పోయేవాళ్లు తల తిప్పుకుంటే చాలదు, ఒళ్లు కూడా తిప్పుకుని పక్కనున్న మురికికాలవ గట్టు మీదుగా పోవాలి. పోయారు కొందరు, తెల్ల బట్టలతో, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. కియా బావగారు మాత్రం గట్టెక్కలేదు. బల్ల దగ్గరిదాకా వచ్చి, లోదాన్ చేతికట్టు కాసేపు చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు. ఉపదేశి వచ్చి, "కూర్చోనమ్మా, పనుంది" అంటూనే నిలబడి రెండు పళ్లాలు తిన్నాడు.

లోదాన్ ఎడంచేత్తో తినలేకపోతోంది. వెరెనా ముద్దలు కలిపి పెడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. లోపలికెళ్లి చూరులోంచి అరిటాకు పొట్లం తీసుకొచ్చాను. ఆకు ఎండి పొడిపొడి అవుతోంది. వీధిలో నిలబడి, కొన్ని నోట్లో వేసుకున్నాను.

లోదాన్ నన్నే చూస్తోంది. "ఎలా ఉన్నాయి?"

"మెత్తబడిపోయాయి పెద్దమ్మా."

"ఇన్నాళ్లు దాచుకుంటే మెత్తబడవూ? చెయ్యి బాగవనీ, కరకరలాడేవి చేసి పెడతా."

నాకేం ధైర్యం రాలేదు. తైలం పూసింది నా కూతురి నుదుటికి, నాకు కాదు. వారం పొడుగునా రోజుకి నాలుగుసార్లు దాని నుదురు ముట్టి చూశాను జ్వరమేమోనని. "అమ్మా, తైలం ఆరిపోయి చాలా రోజులైంది, చెయ్యి తియ్యి" అని విసుక్కుంది. మా చెట్ల కింద ఎవరైనా రాళ్లు పోగేశారేమోనని పొద్దున్నే వెళ్లి వెతికేదాన్ని. ఇప్పటికీ వెతుకుతాను.

ఆ తర్వాతి ఆదివారం పూజకి ముందే వెళ్లాను. లోదాన్ ఎప్పట్లాగే ఆఖరి బెంచీలో, తలుపు వైపు అంచున కూర్చుని ఉంది. పూజ ముగియగానే అందరికంటే ముందు తప్పుకుని పోవడానికి అనువైన చోటు అది. బెంచీ మిగతాదంతా ఖాళీ. ముందు వరసల్లోంచి తలలు వెనక్కి తిరిగాయి. వాటిలో కియా బావగారిది కూడా ఉంది. ఈసారి నేను తల దించలేదు.

"లోపలికి జరుగు పెద్దమ్మా" అన్నాను.

"బోలెడంత చోటుందిగా, లోపలికెళ్లి కూర్చో."

"నువ్వే జరుగు."

జరిగింది. ఆమెకి లోపలి వైపు వెరెనా, ఆ తర్వాత లాదో సర్దుకున్నారు. "ఇక్కడినుంచి ఫాదర్ గారు కనపడరే" అని గొణుగుతున్నాడాయన. తలుపు వైపు అంచున నేను కూర్చున్నాను. ఇక ఆ ముసలిదాని దాకా రావాలంటే ఎవరైనా నన్ను దాటుకునే రావాలి.